శ్రమయే టిక్కెట్టుగా: యౌవన దేశాటనమును గూర్చి

ఖరగ్‌పూరు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువానికి ప్రయాణమనగా మొదట స్ఫురించునది టిక్కెట్టు కాదు, పాసు. నాన్నగారు డ్యూటీ నుండి వచ్చి, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టి దాచిన ఆ కాగితమును తీసి, బల్లమీద పరచి అరచేతితో రాచి చదునుచేసి, ఇంటిల్లిపాది పేర్లును, వయస్సులును, ఎక్కు స్టేషనును, దిగు స్టేషనును, నడుమ ఆగదగిన ఊళ్ళును సరిగా పడినవో లేవో యని వ్రేలుంచి చదువుచుండగా, పిల్లలము నలుగురమును ఆ వ్రేలి వెంటనే కాశికో, తిరుపతికో, రామేశ్వరమునకో పోయి వచ్చుచుండెడివారము. ఏడాది పొడుగునా వర్కుషాపులో ఇనుముతో పెనగులాడిన మనుష్యునకు ఆ ఇనుప పట్టాల మీదనే దేశము చూచు హక్కు సంక్రమించెడిది. పాసులు అయిపోయినచో పి.టి.ఓ. ఉండెడిది, దానితో మూడవవంతు ఛార్జి చెల్లించి ప్రయాణము చేయవచ్చును. తక్కిన ఊళ్ళలో సంపన్నులు మాత్రమే చేయు దేశాటనమును ఈ ఊరిలో ఫిట్టరును, ఖలాసీయును చేసిరనగా, వారి శ్రమకు జీతముతోపాటు ప్రయాణము కూడ ప్రతిఫలముగా లభించుటయే కారణము.

ఈ సంగతి ఇప్పుడు తలపునకు వచ్చుటకు మా క్వార్టర్ల వరుసలోని నాలుగవ యింటి కుర్రవాడు నిమిత్తమయ్యెను. అతడు బి.ఎస్‌సి. పూర్తిచేసి, నింపురా వైపు ఒక ప్రైవేటు సంస్థలో స్టోర్సు లెక్కలు వ్రాయుచున్నాడు. ఒకనాటి సాయంకాలము సెల్‌ఫోను చేతబట్టుకొని వచ్చి, వాకిట నిలువబడియే, "బాబాయిగారూ, వర్కింగ్ హాలిడే వీసా అని ఉంది, చూడండి. ఇది ఉద్యోగమంటారా, షికారంటారా? ఉద్యోగమైతే జీతమెంత అని నాన్న అడుగుతున్నారు. షికారైతే డబ్బులెవరిస్తారని అమ్మ అడుగుతోంది. నేనేం చెప్పాలి?" అని అడిగెను. లోపలికి వచ్చి కూర్చుండుమని మాత్రమే ఆనాడు చెప్పగలిగితిని. ఆ తరువాత కొన్ని మాసములు చదివి, విచారించి, తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

ఒక దేశపు యువతీయువకులు మరియొక దేశములో ఏడాదియో, రెండేండ్లో ఉండి, అచ్చట దొరకిన పని చేసి, ఆ కూలితోనే తిండియు, బసయు, తిరుగుడును గడుపుకొని, గడువు తీరగనే ఇంటికి మరలి వచ్చుట ఈ వీసాకు మూలభావము. చదువుకొనుటకు పోవు వీసాలో ముందుగా లక్షల కొలది ఫీజు కట్టవలెను. ఉద్యోగ వీసాలో ఒక యజమాని ముందుగానే పూచీపడి పిలువవలెను, పిలిచినవాని కొలువులోనే సామాన్యముగా కట్టువడి యుండవలెను. ఇందులో ఆ రెండును లేవు. పిలిచినవాడు లేడు, కట్టివేయువాడును లేడు. ఇష్టము లేని పనిని మానుకొని మరుసటి బస్సెక్కి వేరొక ఊరికి పోవచ్చును. అయితే వయోనియమము గట్టిగా ఉండును. పిల్లలను వెంట తీసికొని పోరాదు. స్థిరనివాసమునకు ఇది నేరుగా దారితీయదు. కుర్రవాని ప్రశ్నకు సమాధానము ఇందులోనే కలదు: తండ్రి అడిగిన జీతమును తల్లి అడిగిన ఖర్చునకు సరిపెట్టు ఏర్పాటు ఇది, ఆ రెంటికిని మిగులు ఉండవచ్చును, ఉండకపోవచ్చును.

ఈ పద్ధతిని నేటి రూపమున ప్రసిద్ధము చేసినది ఆస్ట్రేలియా. 1975లో బ్రిటన్, ఐర్లండు, కెనడాల యువకుల కొరకు అది తలుపు తెరచెను. 1980లో జపానును చేర్చుకొనెను. పిమ్మట దేశముల సంఖ్య క్రమముగా పెరిగెను. మొదట చెప్పబడిన ఉద్దేశము సంస్కృతుల పరస్పర పరిచయము. కాని ద్రాక్షలును, అరటులును, మామిడులును కోతకు వచ్చు కాలమున చేతులు చాలని రైతులకు ఈ యాత్రికులే కూలీలైరి. 2005లో, గ్రామ ప్రాంతములలో మూడు నెలలు నిర్ణీతమైన పని చేసినవారికి రెండవ యేడు కూడ ఉండు అవకాశము కల్పించిన నాటినుండి ఈ వీసా పేరునకు విహారముగను, నడకకు కూలిగను మారెను. 2019లో, ఆరు నెలలు పనిచేసినవారికి మూడవ యేడును ఇచ్చిరి. 2020లో మహమ్మారి మూలమున సరిహద్దులు మూసినప్పుడు తోటలలో కాయలు కోయు దిక్కులేక రైతులు పడిన ఇక్కట్టు, ఆ దేశపు వ్యవసాయము ఎవరి చేతులమీద నిలిచియున్నదో లోకమునకు తేటపరచెను.

మనవారిలో పెక్కుమందికి తెలియని సంగతి మరియొకటి కలదు. కామన్వెల్తు దేశముల యువకుల కొరకు బ్రిటన్‌లో ఇట్టి ఏర్పాటు దశాబ్దముల పాటు ఉండెను. పదునేడేండ్లు మొదలు ఇరువదియేడేండ్ల వరకు వయస్సుగల యువజనులు రెండేండ్లు అచ్చట ఉండి, విహారమునకు ఆనుషంగికముగా పని చేసికొనవచ్చును. భారతీయులకును ఆ తలుపు తెరచియే ఉండెను. 2003లో వయోపరిమితిని ముప్పదికి పెంచి, పనిమీది ఆంక్షలను సడలించిరి. రెండేండ్లు తిరుగకుండగనే 2005లో మరల బిగించి, రెండేండ్లలో పనికి పండ్రెండు నెలలే అని నిర్ణయించిరి. 2008 నవంబరులో ఆ ఏర్పాటునే ఎత్తివేసి, దాని స్థానమున పెట్టిన నూతన పథకములో ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలాండు, జపానులకు మాత్రమే చోటిచ్చిరి. ఆ దశాబ్దములలో మా కాలనీనుండి ఆ ద్వారమున పోయినవాడొక్కడైనను నాకు తెలిసినంతలో లేడు. చెప్పినవారు లేరు, చెప్పినను, పని చేయుచు తిరుగుట అను మాటకు మన యిండ్లలో అర్థము లేదు.

మూసిన తలుపు మరల తెరచుకొనుటకు 2021 మే నెలలో కుదిరిన భారత-బ్రిటన్ వలస ఒప్పందము కారణము. ఆ ఒప్పందములో ఒక చేత యువకులకు రాకపోకల అవకాశమును, రెండవ చేత అనుమతి లేక అచ్చట నిలిచిపోయిన భారతీయులను తిరిగి తీసికొను బాధ్యతయు ఉన్నవి. రెంటిని ఒకే కాగితముమీద ముడివేయుటలోని లెక్కను మనము గుర్తింపవలెను: నిలిచిపోవువాడు మరలి వచ్చునను నమ్మకముమీదనే పోవువానికి దారి దొరకినది. 2023 ఫిబ్రవరిలో ఆచరణకు వచ్చిన ఈ యువ వృత్తినిపుణుల పథకము క్రింద ఏటా 3,000 మందికి వీసాలు లభించును. పదునెనిమిది మొదలు ముప్పది వరకు వయస్సు, డిగ్రీ, బ్యాంకులో ఇరువదియెనిమిది దినములు వరుసగా నిలిచియున్న 2,530 పౌండ్లు కావలెను. ముందుగా, చీటీవలె పేర్లు తీయు బ్యాలెట్టులో పేరు వ్రాయించుకొనవలెను. దానికి రుసుము లేదు, కాని ఆ కిటికీ తెరచియుండునది రెండు దినములే. పేరు వచ్చినచో వీసా రుసుముగాక, ఆరోగ్యసేవ నిమిత్తము ఏటికి 776 పౌండ్ల చొప్పున రెండేండ్లకును ఒక్కమారే కట్టవలెను. మన రూపాయలలో ఆ పద్దొక్కటే ఒకటిన్నర లక్ష దాటును.

ఆస్ట్రేలియా మార్గము 2022లో కుదిరిన వాణిజ్య ఒప్పందమునుండి పుట్టినది. ఏటికి 1,000 స్థానములు, వయస్సు పదునెనిమిది మొదలు ముప్పది, ఇంటరు తరువాత కనీసము రెండేండ్ల చదువు, కొంత ఆంగ్లజ్ఞానము, తిరుగు ప్రయాణపు ఖర్చుగాక చేతిలో 5,000 ఆస్ట్రేలియా డాలర్లు. 2024 అక్టోబరులో తొలి బ్యాలెట్టు తెరువగా, ఇరువదియైదు డాలర్ల రుసుము చెల్లించి, మొదటి రెండు వారములలోనే సుమారు నలువదివేలమంది భారతీయులు పేరులు నమోదు చేసికొనిరని ఆ దేశపు మంత్రియే చెప్పెను. ఆస్ట్రియాతో 2023లో ఆరు నెలల ఏర్పాటు కుదిరినది. న్యూజీలాండుతో 2025 డిసెంబరులో ముగిసిన వాణిజ్య చర్చలలో ఏటికి వేయిమంది మాట కలదు. ఇట్టి వీసాలను విరివిగా ఇచ్చు కెనడాయు, జపానును తమ జాబితాలలో ఇంకను మనలను చేర్చలేదు.

వేయి స్థానములకు నలువదివేల చేతులు చాచినప్పుడు చీటీ వేయుట తప్పదని ఒప్పుకొందము. ధనికునకును, పేదకును చీటీ ఒక్కటే యగుటచేత అందులో ఒకవిధమగు న్యాయము కూడ కలదు. కాని అదే ఆస్ట్రేలియాకు బ్రిటన్‌నుండి పోవు యువకునకు చీటీ లేదు, సంఖ్యా పరిమితి లేదు. వయస్సు ముప్పదియైదు వరకు చెల్లును. 2024 జూలైనుండి రెండవ, మూడవ ఏండ్ల కొరకు పల్లెలలో ఆ నిర్ణీతమైన పనియు చేయనక్కరలేదు. ఒకే తోటలో, ఒకే చెట్టు క్రింద, ఒకే బుట్ట పట్టుకొని నిలిచిన ఇద్దరిలో ఒకనికి ఆ కోత గత్యంతరము లేని నియమము, రెండవవానికి వేడుక. పుట్టిన దేశమే ఈ భేదమునకు హేతువు. ఇది నన్ను బాధించుచున్నది. సంస్కృతుల పరిచయము అను మాట అందరికిని ఒకే అర్థమున వాడనిదే దానికి గౌరవము లేదు.

ఇక పనిని గూర్చి. కుర్రవాడు తెచ్చి చూపిన చిత్రములలో సముద్రతీరములును, ఎఱ్ఱని ఎడారియు, నవ్వుచున్న జంటలును ఉండెను. ఆ చిత్రములలో లేనిది తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి వ్యానులో కిక్కిరిసి తోటకు పోవుట. నడుము వంచి, ఎండలో, బుట్ట నిండినదాక కోయుట. హోటలు వంటయింటిలో అర్ధరాత్రివరకు గిన్నెలు కడుగుట. నిజము దాచకూడదు: ఈ వీసాలో పోయినవారు సాధారణముగా చేయు పనులు ఇవియే. పైగా ఆస్ట్రేలియాలో చాలకాలము బుట్టల లెక్కన కూలి ఇచ్చు ఆచారముండెను. చేయి తిరుగని క్రొత్తవానికి దినమంతయు శ్రమించినను భోజనమునకు, బసకు చాలని స్థితి కలిగెడిది. 2016లో ఆ దేశపు కార్మిక పర్యవేక్షణాధికారి ప్రకటించిన విచారణలో, ఈ యాత్రికులలో మూడవవంతునకు పైబడినవారు చట్టముచే విధింపబడిన కనీస వేతనముకన్న తక్కువ పొందినట్లు తెలిపిరి. సంతకము పెట్టి, పని చేసినట్లు ధ్రువపరచువాడు యజమానియే యగుటచేత, నోరు తెరచి అడుగుటకు భయము. 2022 ఏప్రిల్‌నుండి బుట్టల లెక్క ఎట్లున్నను గంటకు ఇంత తగ్గకూడదను నియమము అమలునకు వచ్చినది. 2025 జూలై నాటికి అచ్చటి కనీస వేతనము గంటకు 24.95 డాలర్లు. అందులో మొదటి డాలరునుండియే నూటికి పదునైదు వంతులు పన్ను పోవును. ఈ అంకెలను నోటికి నేర్చుకొని బయలుదేరినవాడు మోసపోవుట అరుదు.

మన తెలుగునాట పరదేశము పోవుట అన్నది ఎన్నడును విహారము కాలేదు. ఉత్తరాంధ్రలో పూర్వము "రంగము పోయినాడు" అనెడివారు. రంగూను రేవులలో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో పనిచేసి, ఇంటికి రూకలు పంపుటకని దాని అర్థము. మారిషస్సు, ఫీజీ, నెటాలు చెరకుతోటలకు పోయినవారు ఒప్పంద కూలీలు. మా తాతలు శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కంపెనీవారి రైలుమార్గము వెంట ఖరగ్‌పూరు వచ్చినదియు అట్టి వలసయే. వారు చూడవచ్చినది ఊరు కాదు, మజూరీ. అయినను మూడుతరములలో ఆ మజూరీయే ఊరయినది. ఆంధ్రా స్కూలు వెలసినది. మాతాపూజ నాడు ఘటములెత్తు వీధులు మనవైనవి. చివరకు 2020లో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము తెలుగునకు అధికార భాషలలో చోటిచ్చినది. అటుపై తరము వారు అమెరికా పోయిరి, పట్టా కొరకు, దాని వెనుకనే ఉద్యోగము కొరకు, ఉద్యోగము వెనుకనే ఇంటి అప్పు తీర్చుట కొరకు. పొట్టకూటికి పోవుట, పట్టాకు పోవుట అను ఈ రెండు త్రోవలే మనకు తెలియును. చూచుటకు పోవుట, ఆ చూపునకు మూల్యము తన చెమటతో చెల్లించుట అను మూడవ త్రోవ ఇప్పుడే, మిక్కిలి సన్నగా, ఏర్పడుచున్నది.

ఆ మూడవ త్రోవవలన కలుగు లాభమేమని అడుగువారికి, మా ఊరివారందరు ఎరిగిన ఒక చరిత్రను జ్ఞాపకము చేయుదును. 1894లో బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరి గారు పందొమ్మిదేండ్ల వయస్సున, 1913లో, న్యాయశాస్త్రము చదువుటకై డబ్లిన్ నగరమునకు పోయిరి. పోయినది చదువునకే; కాని ఆ నగరములో ఆ సంవత్సరములలో కార్మికుల పోరాటమును, ఐరిష్ జాతీయోద్యమమును ఆయన కన్నులయెదుట నడచినవి; 1916లో ఈస్టరు తిరుగుబాటు చెలరేగినది; ఆ యేడే ఆయన స్వదేశమునకు మరలి రావలసి వచ్చెను. తరువాత పండ్రెండేండ్లకు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను పనినుండి తొలగించినప్పుడు వారికి నాయకుడై, ఈ ఖరగ్‌పూరులో శాంతియుతముగా సమ్మె నడపినవారు ఆ గిరిగారే. 1969లో ఆయన రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిరి. డబ్లిన్ వీధులలో ఆయన చూచినది ఏ పట్టాలోను వ్రాయబడలేదు. అయినను మా వర్కుషాపు గేటుముందు అది పనికి వచ్చినది. చూచుటవలన కలుగు జ్ఞానము ఎన్నడు, ఎచ్చట అక్కరకు వచ్చునో ముందుగా లెక్కకట్టలేము. రెండేండ్లలో ఎంత కూడబెట్టెదవని మాత్రమే అడుగు తల్లిదండ్రులు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెనని నా కోరిక.

అయితే ఈ త్రోవ ఎవరికి? ఇచ్చటనే నాకు గట్టి అభ్యంతరము కలదు. బ్రిటన్‌కు పోవ డిగ్రీ ఉండవలెను. ఐ.టి.ఐ. చదివి, వర్కుషాపులో అప్రెంటిసుగా చేతులు కాల్చుకొని ఫిట్టరు, వెల్డరు పని నేర్చిన కుర్రవాడు, అనగా నిజముగా పనిచేయ నేర్చినవాడు, పనితో కూడిన ఈ విహారమునకు అనర్హుడు. ఏ పనియు ఎరుగని పట్టభద్రుడు అర్హుడు. గోలబజారులో నిలువబడి చూచినచో, ఈ రెండు తెగలవారును ఒకే కాలనీలో, ఒకే వీధిలో, ఒకే యింటిలో అన్నదమ్ములుగా కనబడుదురు. మన ప్రభుత్వము ఇకమీద ఏ దేశముతో ఇట్టి ఒప్పందము చేసికొన్నను, రెండేండ్ల ఐ.టి.ఐ. సర్టిఫికేటును డిగ్రీతో సమానముగా ఎంచవలెనని పట్టుబట్టుట ధర్మము. చీటీలో అందరును సమానులనుటకు ముందు, ఆ చీటీ వ్రాయు బల్లవద్దకు అందరిని రానీయవలెను.

ఆడపిల్లల మాటయు చెప్పవలెను. కొడుకును పంపుటకు అప్పు చేయ సిద్ధపడు ఇంటిలోనే కూతురు అడుగగా "పెళ్ళయ్యాక మీ ఆయనతో వెళ్ళు" అను మాట వినబడుచున్నది. ఈ వీసాకు భర్తతో పనిలేదు; ఆమె పేరున ఆమెకే వచ్చును; ఆమె కూలి ఆమె చేతికే అందును. ఈ పథకములలో నాకు మిక్కిలి నచ్చిన అంశము ఇదియే.

డబ్బు విషయమున మాత్రము నా సలహా కఠినముగా ఉండును. ఇందుకొరకు అప్పు చేయరాదు. బ్యాంకు ఖాతాలో ఇరువదియెనిమిది దినములు చూపుటకై నూటికింత యని డబ్బు నిలిపి తీసికొనిపోవు మధ్యవర్తులు పుట్టియున్నారు. బ్యాలెట్టులో పేరు తప్పక వచ్చునట్లు చేసెదమని చెప్పువారును ఉన్నారు. యాదృచ్ఛికముగా యంత్రము తీయు పేరును ఏ మధ్యవర్తియు తేలేడు. ఆ సొమ్ము చూపుటకు కాదు, మొదటి రెండు నెలలు పని దొరకనప్పుడు తినుటకు. దానిని తిరిగి ఇచ్చివేసి విమానమెక్కినవాడు, అచ్చట దిగిన మరునాడే, ఏ యజమాని ఏ కూలికి పిలిచినను తలవంచవలసినవాడగును. అప్పుడు ఈ వీసాలోని ఒకే ఒక్క మహద్గుణమైన స్వేచ్ఛ, ఇష్టము లేనిచోటినుండి లేచిపోవు స్వేచ్ఛ, దిగిననాడే చేయిజారును. అప్పుతో పోయినవాడు విహారి కాడు, రంగము పోయిన తాతవంటివాడే.

ఈ మాటలన్నియు కుర్రవానికి విడమరచి చెప్పితిని. అతని తల్లి పోస్టాఫీసులో వేయుచున్న రికరింగు డిపాజిట్టు మరియొక యేడాదికి పక్వమగును. దానికి తన జీతములో మిగిల్చినది కలిపినచో ఎవరి ముందును చేయి చాపకుండ సరిపోవునని కాగితముమీద ఇద్దరమును లెక్కవేసితిమి. తండ్రి పక్కనే కూర్చుండి, ఆ కాగితమును తీసికొని, కళ్ళద్దములు సవరించుకొని, పాసులోని స్టేషన్ల పేరులు సరిచూచునట్లే, ఒక్కొక్క అంకెమీద వ్రేలుంచి పైనుండి క్రిందివరకు చదివెను. "వీసాకి కలకత్తా వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాలన్నావు కదరా? అక్కడికి నేను కూడా వస్తాను. పొద్దున్న లోకల్ పట్టుకుంటే మధ్యాహ్నానికి వచ్చేస్తాం" అనెను. బ్రిటన్ బ్యాలెట్టులో పేరు ఇంకను రాలేదు. ఇప్పటికి రెండుమారులు వ్రాయించుకొన్నాడు, రెండుమారులును తప్పినది. ముప్పదియొకటవ పుట్టినదినమునకు ఇంకను పదునాలుగు నెలలు కలవు. మరల కిటికీ తెరచు ఆ రెండు దినములలో తనకు రాత్రి డ్యూటీ పడకుండ, ముందుగానే తోడి గుమాస్తాతో మార్చుకొని పెట్టుకొన్నాడు.